అన్న నోట పరాయి గొంతు

మా అల్లుడు ఈమధ్య ఇంట్లోనే ఒక సినిమాహాలు పెట్టాడు. నానక్‌రామ్‌గూడలో వాళ్లుండే ఫ్లాటులో, చుట్టాలు వస్తే దిగడానికని ఉంచి చుట్టాలెవరూ దిగని గది ఒకటుండేది. దాన్ని ఖాళీ చేయించి, కిటికీలకు మందపాటి నల్ల తెరలు వేయించి, గోడలకు దూది పలకల్లాంటివేవో అతికించి, ముందూ వెనకా చివరికి పైకప్పులోనూ స్పీకర్లు బిగించి, ఒక గోడ నిండా తెల్లటి తెర దించి, నెల రోజులుగా ఆఫీసునుంచి రాగానే అందులోనే కూర్చుంటున్నాడు. అతనిది గోదావరి వైపు ఊరు, మంచి పిల్లవాడు, ఏ పనైనా పట్టుకుంటే అంతు చూడనిదే వదలడు. తెరమీద నలుపు నలుపుగా ఉందా బూడిదగా ఉందా, మాట మధ్యనుంచి వస్తోందా పక్కనుంచి వస్తోందా అని ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి అడుగుతున్నాడు. మా అమ్మాయి రెండు రోజులు ఓపికపట్టి, మూడోనాడు వంటింట్లోంచి రానంది. అప్పుడు నా వంతు వచ్చింది.

మెత్తటి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి దీపాలు ఆర్పాడు. నా తలమీదుగా వెలుగు దూలంలా సాగి తెరమీద పడింది. ఎవరో ఒకాయన వర్షంలో నిలబడి మాట్లాడుతున్నాడు. వర్షం నిజంగా నా నెత్తిమీదే కురుస్తున్నట్లుండి చెయ్యి తెలియకుండానే జుట్టు తడుముకుంది. ఆయన గొంతు ఎంత దగ్గరగా ఉందంటే, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. ఎలా ఉందండీ అత్తయ్యగారూ, మాట స్పష్టంగా ఉందాండీ అని అడిగాడు. బాగుంది అని చెబితే సరిపోయేది. నా నోట మాత్రం వేరే మాట వచ్చింది.

"ఆ గొంతు ఆయనదేనా బాబూ?"

"కాదండి, డబ్బింగ్ అండి. అయినా తెలియడం లేదు కదండీ?"

తెలియడం లేదనే చెప్పాను. అతను సంతోషించాడు. నేను లేచి బాల్కనీలోకి వచ్చి, రెండు పెద్ద భవనాల సందులోంచి కనిపించే ఖాజాగూడ రాళ్ల గుట్టను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నేను అడిగిన ప్రశ్న నిజానికి నాది కాదు. అది మా అవ్వ ప్రశ్న. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ బతికినన్నాళ్లూ, పట్నంలో సినిమాకు తీసుకుపోయినా, ఆ తరువాత ఇంట్లోకి టీవీ వచ్చినా, తెరమీద మనిషి నోరు తెరవగానే ముందు ఆ ఒక్క మాట అడిగేది. ఎందుకడిగేదో మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఇంటివాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మాది ఖాజాగూడ. ఇప్పుడు ఆ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి వేరు. అప్పుడు చెరువు, రాళ్లు, చెరువు కింద వరి, రాళ్ల నడుమ మేకలు, అంతే. పట్నానికి పోవాలంటే చాలా దూరం నడిచి బస్సెక్కాలి. సినిమా అన్నది ఏ పండుగకో పెళ్లిబట్టలు కొనడానికో పోయినప్పుడు కలిసొచ్చే భాగ్యం. మా ఈడు వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, చూసి వచ్చినవాళ్లు చూడనివాళ్లకు కథంతా చెప్పేవాళ్లు, విన్నవాళ్లు ఆ సినిమా మేమూ చూశామనే చెప్పుకునేవాళ్లు. ఊళ్లోకి సినిమా రావడం అంటే సర్కారువాళ్ల బండి రావడమే. బూడిదరంగు వ్యాను, వెనక గడగడలాడే జనరేటరు, పైన గిన్నెలా నోరు తెరిచిన మైకు. మా వాళ్లు దాన్ని బొమ్మల బండి అనేవాళ్లు. రెండు గుంజలు పాతి వాటి మధ్య దుప్పటిలాంటి తెర కట్టేవాళ్లు. గాలి వీస్తే అందులోని మనుషుల ముఖాలు ఉబ్బేవి, ముడుచుకునేవి. ముందర చోటు దొరకనివాళ్లు తెర వెనక కూర్చునేవాళ్లు. వాళ్లకు లోకమంతా ఎడమచేతి వాటం. పొగాకు పురుగు, మసూచి టీకా, కొత్తరకం వరి, ఏది వేసినా చూశాం. ఇది బాగుంది అది బాగా లేదని అనడం మాకు తెలియదు. వెలుగు కదిలితే చాలు.

ఆ రోజుల్లో నేను ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో కొత్తగా పంతులమ్మగా చేరాను. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. నాకు చదువబ్బింది, అన్నకు అబ్బలేదు. దానికి అతనేమీ బాధపడలేదు, పైగా నేను జీతం తెచ్చేదాన్నయ్యానని ఊరంతా చాటాడు. అన్నది గలగలమనే మాట. పొలంలోంచి పిలిస్తే గుట్టకు తగిలి మళ్లీ వినిపించేది. నాయిన దానికి పూర్తిగా విరుద్ధం, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మా బావి దిగుడు బావి. పొలానికి మోట కొట్టేది నాయిన, అన్న. ఇంటికి నీళ్లు తెచ్చేది నేను, బడికి వెళ్లేముందు ఆ జారుడు మెట్లు దిగి, బిందె నింపుకుని, నడుముకెత్తుకుని. ఆ ఏడు మా ఊరి బావులకు కరెంటు వచ్చింది. మోటరు పెడదామని అన్న పట్టుబట్టాడు. నాయిన నెలల తరబడి తల ఊపలేదు. చివరికి ఊపాడు.

మోటరు పెట్టిన కొద్దికాలానికి సర్కారు వాళ్లు జీపులో వచ్చి, కరెంటు మోటరు గురించి ఊళ్లలో చూపించడానికి ఒక చిన్న చిత్రం తీస్తున్నామని, పడుచు రైతు కావాలని అన్నారు. అన్నను చూడగానే వాళ్లకు నచ్చాడు. తలకు తువాలు చుట్టించి, బావి గట్టుమీద స్టార్టర్ డబ్బా పక్కన నిలబెట్టారు. చేయవలసింది చిన్న పని: కెమెరా వైపు చూసి ఒక మాట చెప్పాలి, పచ్చ బొత్తాం నొక్కాలి, గొట్టంలోంచి నీళ్లు దూకగానే నవ్వాలి. ఆ మాట వాళ్లు కాగితంమీద రాసి తెచ్చారు, సర్కారువారి సహాయంతో తమ పొలానికి నీటి కొరత తీరిపోయిందని. అన్న దాన్ని పలకలేకపోయాడు. 'కొరత' దగ్గరకు రాగానే నవ్వొచ్చేది. మళ్లీ మళ్లీ తీశారు. ఎండ ఎక్కింది. విసిగిపోయి ఆ డైరెక్టరెవరో, నీ నోటికొచ్చింది ఏదో ఒకటి అను, పెదవులు కదిలితే చాలు, గొంతు మేము తరువాత పెట్టుకుంటాం అన్నాడు. నేను కెమెరా వెనక మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అన్న కెమెరాను వదిలేసి నా వైపు చూశాడు.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? ఇగ నువ్వు బాయిల దిగుడు బంద్."

అని బొత్తాం నొక్కాడు. నీళ్లు దూకాయి. నవ్వాడు. వాళ్లు సరే అన్నారు, మజ్జిగ తాగి పోయారు. ఆ రోజు అన్న ఊళ్లో ఎంత గొప్పగా తిరిగాడో చెప్పలేను. బొమ్మల బండి ఎప్పుడొస్తుందని పట్నం పోయినవాళ్లనందరినీ అడిగేవాడు.

బండి రాకముందే వానాకాలం వచ్చింది. ఒక పొద్దున సన్నటి జల్లు పడుతుండగా మోటరు ఆగిపోయిందని చూడబోయాడు. నేను బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా పాలేరు తలుపు దగ్గరికొచ్చి నిలబడి, ఏమీ చెప్పకుండా ఏడ్చాడు. తీగను ఎలుకలు కొరికాయన్నారు, తడి చేతులన్నారు, కాళ్లకింద బురదన్నారు. ఏమన్నా అన్న గట్టుమీద అలాగే పడి ఉన్నాడు, చూస్తే నిద్రపోతున్నవాడిలాగే ఉన్నాడు. పది దినాలూ అయిన మర్నాడు నాయిన ఒక్కడే మోటరు విప్పి, గోనెసంచి కప్పి, కొట్టంలో మూలకు పెట్టేశాడు. మళ్లీ మోట బిగించాడు. నేను మళ్లీ బావిలోకి దిగాను. అవ్వ ఏడుపు మానేసి, పనికూడా మానేసి, గడపమీద కూర్చునేది.

కోతలైపోయాక బొమ్మల బండి వచ్చింది. ఏం వేస్తారో ఊరందరికీ తెలుసు. ఊరి పెద్ద ఇంటికొచ్చి, వద్దంటే వెనక్కి పంపిస్తానని నాయినతో అన్నాడు. నాయిన మీ ఇష్టమని చెప్పి పొలానికి వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం లేచి, చాలారోజుల తరువాత తల దువ్వుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మమ్మల్ని చూసి జనం పక్కకు జరిగి, అన్నిటికంటే ముందర చోటిచ్చారు.

మొదట మా చెరువు కనిపించింది, తరువాత మా ఎడ్లు. చిన్నపిల్లలు మనూరు మనూరు అని అరిచి, తల్లులు నోళ్లు మూయించగానే ఊరుకున్నారు. అప్పుడు అన్న వచ్చాడు. మనిషి ఎత్తుకంటే పెద్దగా వచ్చాడు. తువాలు చుట్టుకుని, చొక్కా భుజం దగ్గర అవ్వ కుట్టిన కుట్టుతో సహా వచ్చాడు. మొహం తిప్పి, ఆ ఊరి జనంలో ఇంకెవరినీ కాదు, సరిగ్గా నన్నే చూశాడు. పెదవులు కదిలాయి.

వచ్చిన గొంతు ఎవరిదో. బరువుగా, నున్నగా, రేడియోలో వార్తలు చదివినట్లు, సర్కారువారి సహాయంతో మా పొలానికి నీటి కొరత తీరిపోయిందండీ అంది. ఆ 'అండీ' మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ అన్న మాట కాదు. చచ్చిపోయిన మనిషి కనబడటం కాదు నన్ను భయపెట్టింది. కళ్లు అన్నవే, పళ్లు అన్నవే, ఆ పళ్ల వెనకనుంచి మాట్లాడుతున్నవాడు మాత్రం వేరే ఎవడో. పెదవులు ఒక మాట అంటుంటే గొంతు ఇంకో మాట అంటోంది. పెదవులు ఆగిన తరువాత కూడా ఆ గొంతు కొంచెంసేపు సాగింది.

అవ్వ లేచి, జనం మధ్యనుంచి నడిచి, మిషను దగ్గరున్న ఆపరేటరు ముందు నిలబడింది. ఆయన నడివయసు మనిషి, కోస్తావైపు వాడు, ఉద్యోగరీత్యా ఇటొచ్చి ఊరూరా ఆ బండితో తిరుగుతున్నాడు. నేను వెనకాలే పరుగెత్తాను. అవ్వ గొంతు పెంచలేదు.

"గిది నా కొడుకు గొంతు గాదు సారూ."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పక్కన ఎవరో చెవిలో చెప్పాక మొహం పాలిపోయింది. నిజమేనమ్మా, గొంతు పట్నంలో వేరే ఎవరిచేతనో చెప్పించి కలిపారండి, అబ్బాయి లేడన్న సంగతి నాకు తెలియదండి అన్నాడు. అవ్వ ఆ గొంతు తీసేసి కొడుకును చూపించమని అడిగింది. ఆయన కాసేపు రీలు వైపు, కాసేపు ఆమె వైపు చూసి, మిగతావన్నీ అయ్యాక రీలు మళ్లీ చుట్టి, మైకు కట్టేసి వేశాడు. ఊరు కదలకుండా కూర్చుంది. జనరేటరు మోత, రీలు తిరిగే టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు. అన్న నావైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. ఏమన్నడే అని అవ్వ అడిగింది. నేను చెప్పాను. ఏందే, గట్ల చూస్తున్నవ్, ఇగ నువ్వు బాయిల దిగుడు బంద్. అవ్వ ఆ మాటలు తనలో తాను ఒకసారి అనుకుంది. మరుక్షణం తెరమీద అన్న చెయ్యి బొత్తాం వైపు సాగింది. అవ్వ నా మోచేయి పట్టుకున్న పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

"ముట్టకు బిడ్డా," అంది, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

అన్న ముట్టాడు. నీళ్లు దూకాయి. నవ్వాడు. తెర తెల్లగా అయిపోయింది.

బండి తరువాత నానక్‌రామ్‌గూడకు పోతుందని తెలిసి అవ్వ అక్కడికీ బయల్దేరింది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పవలసిన నాయిన ఆమె మొహం చూసి తల వంచుకున్నాడు. ఇద్దరం గుట్టపక్క దారిన నడిచి పోయేసరికి ముందర చోటు లేక తెర వెనక కూర్చున్నాం. అన్న ఎడమచేతి వాటం అయిపోయాడు. వీడు మనోడు కాదన్నట్లుందే అంది అవ్వ. అప్పటికే ఆ రీలు ఎన్ని ఊళ్లు తిరిగిందో, గీతలు పడి, బొమ్మమీద సన్నటి వాన కురుస్తున్నట్లుంది. ఎండలో తీసిన బొమ్మలో వాన. పోయినసారి కంటే తడిసి ఉన్నాడని అవ్వ అంది. నాకూ అలాగే కనిపించింది.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. మా పక్కన ఎవరో రైతు, మా సంగతేమీ తెలియనివాడు, తన తమ్ముడితో తానూ మోటరు పెట్టిస్తానని, చూసినవా బొత్తాం ఒత్తితే అయిపాయె, పోరగాండ్లు గూడ నడపొచ్చు అని అంటున్నాడు. అవ్వ తల తిప్పి అతన్ని చూసింది, అతని ఒళ్లో కూర్చున్న కొడుకును చూసింది. అంతవరకు అవ్వకు ఆ బొమ్మ తన కొడుకు. ఆ క్షణంలో అది వేరే వాళ్ల కొడుకుల సంగతి కూడా అయింది. ఆట అయ్యాక ఆపరేటరు మాకోసం చప్పుడు లేకుండా ఇంకోసారి వేయబోతే అవ్వ వద్దంది. వేయకు సారూ, ముందుగాల గీ మందికి చెప్పు, గట్ల ముడితే పానం పోతదని చెప్పు అంది. ఆయన రీలు తీసి డబ్బాలో పెట్టి మూత వేశాడు. తరువాత నా వైపు తిరిగి, నేను చదువుకున్నదాన్ని కనుక అర్థం చేసుకుంటాననుకున్నాడేమో, నెమ్మదిగా చెప్పాడు. "నేను చెబితే నా ఉద్యోగం ఉండదండి. చెప్పకపోతే ఈ రీలు వేయడానికి నాకు చేతులు రావండి." వచ్చే వారం మదీనాగూడలో ఉందని కూడా తానే చెప్పాడు.

నానక్‌రామ్‌గూడలో విన్నది అవ్వ నాయినకు ఒక్కసారే చెప్పింది. ఆయన విని, ఎడ్లకు మేత వేయబోయాడు. తీరా వారం తిరిగి మేము మదీనాగూడకు నడిచి పోదామని బయటికొచ్చేసరికి ఎడ్లబండి కట్టి ఉంది. నాయిన ఉతికిన ధోవతి కట్టుకుని కాడిమీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. బొంబాయి రోడ్డుమీద లారీలు మా పక్కనుంచి పోతుంటే ఎడ్లు బెదిరేవి, నాయిన నాలుకతో చప్పుడు చేసి వాటిని ఊరుకోబెట్టేవాడు. ఊరికి చేరేటప్పటికి పొద్దు గూకుతోంది. ఆపరేటరు గుంజలు పాతిస్తున్నాడు. నాయిన నేరుగా ఆయన దగ్గరికి పోయాడు.

"నువ్వు చెప్పకు సారూ. నేను చెప్త."

ఆపరేటరు అవ్వ మొహం చూశాడు, నా మొహం చూశాడు. తలూపాడు. చీకటి పడ్డాక మామూలు బొమ్మలు రెండు వేసి, మా రీలు పెట్టి, లోపలి గొంతు కట్టేసి, చేతి మైకు నాయినకు ఇచ్చాడు. దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా నాయినకు తెలియదు. ఆపరేటరు తిప్పి పట్టించాడు. నాయిన పోయి తెర పక్కన నిలబడ్డాడు. నిలబడ్డప్పుడు తెర కొస కొంచెం అడ్డం వచ్చాడు. అన్న బొమ్మ సగం గుడ్డమీద, భుజమూ చెయ్యీ నాయిన ధోవతిమీద, చొక్కామీద పడ్డాయి. నాయిన అంతవరకు ఆ బొమ్మ చూడలేదు. తల తిప్పి తన పక్కన అంత పెద్దగా నిలబడిన కొడుకును చూసి, మైకు దించేశాడు. జనం గుసగుసలాడారు. అవ్వ నా పక్కనుంచి, కూర్చున్న చోటునుంచే, చెప్పు అంది. ఆయనకు వినబడిందో లేదో కాని మైకు ఎత్తాడు.

"గీ పిలగాడు నా కొడుకు. గీ బొమ్మ తీసినంక గిదే డబ్బ ముట్టి సచ్చిపోయిండు. మోటరు వద్దని నేను చెప్తలేను. మోటరు మంచిదే. తడి చేతుల్తోని ముట్టకుండ్రి. కాళ్ల కింద కట్టె పలక ఏసుకోండ్రి. వైరు మంచిగున్నదో లేదో చూసుకోండ్రి. గంతే."

అప్పటికి బొమ్మలో నీళ్లు దూకి, అన్న నవ్వు నాయిన భుజంమీద వెలిగి, ఆరిపోయింది. తరువాత ఒకరొకరుగా మగవాళ్లు లేచి నాయిన చుట్టూ చేరారు. పలక ఎంత మందం ఉండాలి, రబ్బరు చెప్పులు సరిపోతాయా, తీగకు ఎలుకలు రాకుండా ఏం చేయాలి అని అడిగారు. రోజుకు పది మాటలు మాట్లాడని మా నాయిన ఆ సాయంత్రం అందరికీ ఓపికగా జవాబు చెప్పాడు. ఎవరో ముసలమ్మ అవ్వ పక్కన వచ్చి కూర్చుని చెయ్యి పట్టుకుంది. తిరుగుదారిలో నాయిన బండి తోలుతూ ఏడ్చాడు. కొడుకు పోయిననాడు ఏడవనివాడు ఎడ్లకు వినబడేట్లు ఏడ్చాడు, అవ్వ ఆయన వీపుమీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ తరువాత బొమ్మల బండి మా చుట్టుపక్కల చాలాకాలం కనిపించలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఆపరేటరు వేరు, రీళ్లు వేరు. పాతాయన ఏడని అడిగితే ఎక్కడో దూరపు జిల్లాకు మార్చారన్నారు. అది మావల్లనో, మామూలు బదిలీనో మాకు తెలియలేదు. మావల్లనే అయితే ఆయన ఇంట్లో మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. నాయిన మాత్రం మరుసటేడు కొట్టంలో గోనెసంచి తీసి, కొత్త తీగ వేయించి, కట్టె పలక పరిచి మోటరు మళ్లీ బిగించాడు. బొత్తాం ఆయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదని కట్టడి చేశాడు. నేను బావిలోకి దిగడం నిజంగానే ఆగిపోయింది. మోటరు నీళ్ల కాలువలో మళ్లీ మొదటిసారి బిందె ముంచిన రోజు ఆ నీళ్లు ఇంటిదాకా తేలేక దారిలోనే పారబోశాను.

చాలా ఏళ్ల తరువాత, హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక, ఆ రీలు కోసం పట్నంలో ఆ ఆఫీసుకు వెళ్లి వాకబు చేశాను. పాత రీళ్లు వాసనపట్టి అంటుకుపోతే ఎప్పుడో పారేశామన్నారు. మా అల్లుడికి ఈ సంగతి తెలిసిననాడు ఇంటర్నెట్‌లో రాత్రీ పగలూ వెతికాడు. దొరకలేదు. దొరికితే గీతలన్నీ తీసేసి, నిన్న తీసినట్లు చేయవచ్చునట. చేయవచ్చునేమో. గొంతు ఎక్కడినుంచి తెస్తాడు?

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. అవ్వ ఆ తరువాత ముప్ఫై ఏళ్లకు పైగా బతికింది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు, బియ్యం ఏరుతూనో, దవాఖానలో మంచంమీదనో, ఏమన్నడే అని అడిగేది. నేను చెప్పేదాన్ని. మొదట్లో చెబుతున్నప్పుడు లోపల అన్న గొంతు వినిపించేది. చెప్పీ చెప్పీ ఆ మాటలు నా గొంతులోకి వచ్చేశాయి, నా పంతులమ్మ గొంతులోకి. ఒకరోజు, ఎప్పుడో గుర్తులేదు, అన్న గొంతు ఎలా ఉండేదో జ్ఞాపకం చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. గుట్టకు తగిలి మళ్లీ వచ్చే ఆ గలగల రాలేదు. బరువుగా, నున్నగా, 'తీరిపోయిందండీ' అని వచ్చింది. ఎంత తోసినా పోలేదు. ఆ గొంతు మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన తప్పేమీ లేదు, కాగితంమీద ఉన్నది చదివి ఇంటికి పోయి ఉంటాడు. ఈపాటికి ఆయనా ఉండి ఉండడు. మా అన్నలో మిగిలింది మాత్రం ఆయనే.

ఇప్పుడు పిల్లల మొదటి కేక దగ్గరనుంచి ప్రతి గొంతూ ఫోన్లలో ఉంటోంది. మా మనవరాలి పాల పళ్ల నాటి మాటలు కూడా నా ఫోనులో ఉన్నాయి. మా కాలంలో మనిషి పోతే గొంతు కూడా పోయేది, ఉన్నవాళ్ల చెవుల్లో ఉన్నంత కాలమే. బావి ఉన్నచోట ఇప్పుడు ఆఫీసులు లేచాయి, మా గుట్ట సగమే మిగిలింది, కేక వేస్తే తిరిగి పంపేంత రాయి కూడా లేదు. ఈ భవనంలో లిఫ్టు ఎక్కితే నలుగురిలో ముగ్గురు అల్లుడిలాగే గోదావరి వైపువాళ్లు, మంచివాళ్లు, నేను ముసలిదాన్నని తలుపు పట్టుకుని నిలబడతారు. ఆనాడు ఊరంతటికీ ఒక్కసారి మైకులో వినబడిన ఆ 'అండీ' ఇప్పుడు రోజంతా వినబడుతుంది, నాకూ అలవాటైపోయింది. ఏ నడివయసు మనిషో వెనకనుంచి బరువుగా, నున్నగా, జాగ్రత్తండీ అన్నప్పుడు మాత్రం నా ప్రాణం ఒక్కసారి లేచి వస్తుంది. అన్న ఎన్నడూ మాట్లాడని ఆ మాటలో అన్నే పిలిచినట్లుండి, వెనక్కి తిరిగి చూస్తాను.